లాభం, రెండు, మూడు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్స్ షాపు మేడ మీద మా గది.
రాత్రి ఎనిమిదింటికి సైదులు మెట్లెక్కుతుంటే
ఆయన కంటే ముందు ఘాటొస్తుంది.
ఫ్యాను వేయగానే ముందు బెంచీ పిల్లలు తుమ్ముతారు.
"యార్డు నుంచి తిన్నగా వచ్చా, ఏమనుకోమాకండి" అంటాడు
తలగుడ్డ విప్పి కిటికీ ఊచకి కడుతూ.

ఇరవై రెండేళ్లు కాటా పక్కన లెక్క చెప్పిన గొంతు.
ఈ మధ్య ఆ పని తెర మీది అంకెలకి అప్పజెప్పి
ఆయన్ని గోతాలు కుట్టించే వైపు పంపారు.
"పోతే పోయింది మేడం,
దాని కడుపులో ఏముందో చూద్దామని" అన్నాడు
ఫీజు రెండు వాయిదాల్లో కడతానంటూ.

మొదటి రోజు బోర్డు మీద రాశాను:
మొత్తం = మొత్తం + 1

చాలాసేపు చూశాడు.
"ఇది అబద్ధం కదండీ.
నా దగ్గరున్నదీ, ఉన్నదానికి ఇంకొకటి కలిపిందీ
సమానమంటే ఏ షావుకారన్నా ఒప్పుకుంటాడా?"

తొమ్మిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను.
అందరూ రాసుకుని పోయినవాళ్లే,
అబద్ధమన్నవాళ్లు లేరు.

కాటా దగ్గర మీకో పలక ఉండేది కదా, అన్నాను.
దాని మీద పన్నెండు ఉంది. ఇంకో టిక్కీ ఎక్కింది.
ఏం చేస్తారు?
"అరచేత్తో తుడిచి పదమూడేస్తా."
తుడిచే ముందు?
"పన్నెండు చూస్తా... ఒకటి కలుపుకుంటా..."
చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.
చూసేది కుడి పక్క. తుడిచి రాసేది ఎడమ పక్క.
పలక అదే, పలక పేరూ అదే,
సుద్ద ఒక్కటే కొత్తది.

"మరి మొదట సున్నా ఎందుకండీ? బేరం సున్నాతో ఎత్తుకుంటామా?"
టిక్కీ ఎక్కకముందు కాటా ఎంత చూపించాలి?
"సున్నా చూపకపోతే రైతు ఊరుకుంటాడా!"
అని, తన మాటకి తనే నవ్వాడు.

లూపు గురించి నేను చెప్పింది తక్కువ.
ఎత్తు, తూచు, పలక మార్చు, పక్కకి నెట్టు,
మళ్లీ ఎత్తు.
నలభైసార్లు రాయక్కర్లేదు, ఒక్కసారి రాసి
ఎక్కడ ఆగాలో చెబితే చాలు.
"ఆగేది చెప్పకపోతే?"
ఆగదు.
"మా మేస్త్రీ లాగా."

నిన్న నలభై టిక్కీల లారీ.
నేనే టైపు చేశాను, ఒకటి నుంచి నలభై దాకా అని.
అంకెలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తుంటే
ఆయన కళ్లు మూసుకుని
వేళ్లతో బెంచీ మీద దరువేస్తూ అందుకున్నాడు:
లాభం, రెండు, మూడు, నాలుగు,
ఐదు, ఆరు, ఆరున్నొకటి...
ఏడుపు పేరు కాటా దగ్గర ఎత్తకూడదు కదా.
పిల్లలు తుమ్మడం మానేసి విన్నారు.

తెర ఆగింది. గొంతు ఆగలేదు.
"నలభై" అని కళ్లు తెరిచాడు.
తెర మీద ముప్పై తొమ్మిది.
"ఒక టిక్కీ ఎవరు తిన్నారండీ?"

నేనే.
ఆ భాషలో నలభై దాకా అంటే
నలభైని గుమ్మం బయటే నిలబెట్టడం.
ప్రతి బ్యాచికీ నోటితో హెచ్చరించే తప్పు
నా వేళ్లే చేశాయి.
నలభై ఒకటి అని దిద్దాను.

ఆయన నవ్వలేదు.
"నేను తప్పితే ఆ లారీకి తప్పేవాణ్ణి.
ఇది పొద్దుగూకులూ..."
ఎవరి మిరపో లెక్కేసుకుంటున్నట్టు
కిటికీలోంచి చూశాడు.

తలగుడ్డ చుట్టుకుని గుమ్మం దాకా వెళ్లి అడిగాడు:
"ఒకటొస్తే లాభం అనమని,
ఏడొస్తే ఆరున్నొకటి అనమని దీనికి చెప్పొచ్చా?"
చెప్పొచ్చు. దానికి 'అయితే' అన్న మాట కావాలి.
అది వచ్చేవారం పాఠం.

కింద షాపు షట్టరు దిగిన చప్పుడు.
"ఇవాళే చెబితే ఏమవుతుందండీ" అంటూ
వెనక్కొచ్చి కూచున్నాడు.